నోట పలకని పేరు

అనగనగా ఒక ఊళ్ళో, రాజూ లేడు రాణీ లేదు, పూతరేకులు చుట్టుకు బతికే అచ్చియ్యమ్మ ఉండేది. ఆ ఫోను అవతల పెట్టి ఊఁ కొట్టవే చిట్టీ.

మొగుడు రాఘవులు పోయాక కొట్టు ఆవిడ మీద పడింది. బోర్డు మీద మాత్రం ఇంకా 'రాఘవులు పూతరేకులు' అనే ఉండేది. ఆర్డర్లన్నీ ఫోన్లోనే వచ్చేవి. ఆ ఫోన్లోనే, ఆస్పత్రి మంచం మీంచి ఆయన పంపిన మాట ఒకటి ఉండేది. "అచ్చీ, అన్నం తిన్నావా?" అంతే. రోజూ పొయ్యి ఆర్పాక అది వింటేగానీ ఆవిడ కంచం ముందు కూర్చునేది కాదు.

ఫోను నేర్పిన ఎదురింటి అమ్మాయి చిలక్కి చెప్పినట్టు చెప్పింది. "పిన్నిగారూ, కొట్టు ఖాతాకొకటి, బ్యాంకుకొకటి, ఫొటోలూ మాటలూ దాచుకునే చోటికొకటి, మూడు వేరువేరు పాస్‌వర్డులు పెట్టుకోండి. పొడుగ్గా ఉండాలి. మీ ఇంట్లోవాళ్ళకి కూడా తట్టకూడదు."

అచ్చియ్యమ్మ లోలోపల నవ్వుకుంది. మొగుడి పేరు నోటితో అనకూడదని వాళ్ళమ్మ నేర్పింది. పెళ్ళైన నాటినుంచీ ఒక్కసారి కూడా అనలేదు. నేను అనని పేరు ఎవడికి తడుతుందిలే అనుకుంది. మూడింటికీ ఆయన పేరే పెట్టేసింది. పిచ్చి మొహం! తను అనకపోతే ఏం, ఊరంతా అనే పేరే కదుటే అది? బోర్డు మీద ఉన్న పేరే కదూ?

ఇహ మరిది పాపారావు ఉన్నాడు. వదినా వదినా అంటూ తెగ తిరిగేవాడు. ఎక్కడ ఎవరు మొగుడి పేరడిగినా ఆవిడ తల వంచుకునేది, పక్కనుంచి వీడే చెప్పేవాడు. ఆ అలవాటు గుర్తుపెట్టుకో. వీడికి పక్క వీధిలో సొంత కొట్టు పెట్టాలని దురాశ. వదిన గుండెల్లో దాచుకున్న పేరేమిటో వీడికి వేరే చెప్పాలా?

ఆ పేరే పెట్టి చూసి, మొదట కొట్టు ఖాతా తెరిచి, బేరాలన్నీ తన వైపు తిప్పుకున్నాడు. ఆ తర్వాత బ్యాంకు ఖాతా ఊడ్చేశాడు. ఆ తర్వాత మూడోది తెరిచి, కొనేవాళ్ళ చిరునామాలు ఏరుకుని, వదినకి మిగలకూడదని ఉన్నదంతా తుడిచేశాడు. పాడు సచ్చినోడు!

ఆ సాయంత్రం అచ్చియ్యమ్మ పొయ్యి ఆర్పి ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. మాట లేదు. మళ్ళీ నొక్కింది. లేదు. ఆ పూట ఆవిడ అన్నం తినలేదు.

తెల్లారి పోలీసు స్టేషనుకి వెళ్ళింది. తోడుగా ఎవరొచ్చారనుకున్నావు? పాపారావే!

"పాస్‌వర్డు ఏం పెట్టావమ్మా?" అన్నాడు ఎస్సైగారు. ఆవిడ తల వంచుకుంది. మళ్ళీ అడిగాడు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మూడోసారి కసిరాడు. అప్పుడు పాపారావు అలవాటు కొద్దీ అనేశాడు, "రాఘవులండీ, మా అన్నయ్య పేరు."

అచ్చియ్యమ్మ తలెత్తింది. "అది నేనెవరికీ చెప్పలేదే!"

మరిది మొహం మాడిపోయింది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, వీణ్ణి వీడి నోరే పట్టించింది.

ఆ తర్వాత కొట్టు ఖాతా చేతికొచ్చింది. డబ్బు కొంత వచ్చింది. ఆయన గొంతు మాత్రం రాలేదు. "తుడిచేసింది తేలేమమ్మా" అనేశారు పోలీసులు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆవిడ మూడింటికీ మూడు పొడుగాటి పాస్‌వర్డులు పెట్టుకుంది. ఇప్పుడవి ఎవడికి తడతాయి? ఏం లాభం?

పొయ్యి ఆర్పింది. కంచం ముందు కూర్చుంది. జన్మలో మొదటిసారి, పైకే పిలిచింది, "రాఘవులూ" అని.

అన్నం తిన్నావా అని ఎవరూ అడగలేదు.

కథ చేరె కంచికి, మనం చేరాం ఇంటికి,
మూడు తాళాలు మూడు గదులకి,
పేరు పిలుపుకి, తాళం గుట్టుకి,
పోయిన గొంతు రాదు వాకిటికి.