నాయకుడి నాలుగో రాయి

పడమటి ఆఫ్రికాలో ఉప్పుటేటి మధ్యనున్న ఒక లంకకు పార్లమెంటు సభ్యుడు అగ్బెకో ఎన్నికలప్పుడల్లా మోటారు పడవలో వచ్చి, కాన్పుల ఆసుపత్రికి శంకుస్థాపన రాయి వేసేవాడు. రాయి లంకలో ఉండేది, ఆసుపత్రి ఆయనతోపాటే రాజధానికి వెళ్లిపోయేది.

నాలుగోసారి వచ్చేసరికి చేపలు కాల్చి అమ్మే ఎసినామ్ కూతురు నొప్పులు పడుతోంది. తెడ్డు పడవలో అవతలి ఒడ్డు ఆసుపత్రికి చేరేలోపు ఏమైనా జరగొచ్చు. ఎసినామ్ తోటి ఆడవాళ్లకు కనుసైగ చేసి, నాయకుణ్ణి తన పొయ్యి దగ్గరకు పిలిచింది.

"ఏమే, నా పేరు చెక్కిన రాళ్లమీద చేపలు కాలుస్తావా?"

"మూడు ఎన్నికలకు మూడు రాళ్లిచ్చారు కదయ్యా, పొయ్యి చక్కగా కుదిరింది. మీవల్ల మాకు జరిగిన మేలు ఇదొక్కటే."

"మరి ఈ నాలుగోది?" పళ్లు నూరాడు అగ్బెకో.

రేవులో ఇంజను మోగింది.

"అది మీరు కూర్చోవడానికి. మీ పడవలో మా పిల్ల కాన్పుకు వెళ్తోంది. ఆసుపత్రి ఇక్కడే కట్టుంటే మీ పడవ మీకుండేది."

ఆడపిల్ల పుట్టిందన్న కబురుతో పడవ సాయంత్రానికి తిరిగొచ్చింది. తన రాజకీయ జీవితం మొత్తంలో అగ్బెకో నియోజకవర్గంలో అంతసేపు ఉండటం అదే మొదలు.