ఇప్పచెట్టు దులిపించిన బూజు

అనగనగా ఒక అడవి ఉండేది. పెద్దదేం కాదు. ఎలుగుబంటి పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి అవతలి కొసకు చేరేది, అదీ దారిలో ఆగి ఆగి తింటూ.

ఆ అడవిలో రాతినేల మీద ఒక ఇప్పచెట్టు, దాని పక్కనే ఒక తునికిచెట్టు ఉండేవి. ఇప్పచెట్టుకు శుభ్రం ఎక్కువ. కాకి రెట్ట వేస్తే, వాన పడి అది కడుక్కుపోయేదాకా దాని మనసు మనసులో ఉండేది కాదు.

రెండు చెట్ల వేళ్ళకూ తెల్లటి దారాలు అల్లుకుని ఉండేవి. వెంట్రుక కంటే సన్నం. అవి పుట్టగొడుగుల జాతి. ఏడాదంతా మట్టిలోనే ఉంటాయి. వానలప్పుడు మాత్రం గొడుగు పట్టుకుని పైకొచ్చి, లోకం ఎలా ఉందో చూసి పోతాయి. ఆకులు ఎండలో వండిన తీపిలోంచి ఇప్పచెట్టు వాటికి రోజూ మూడు ముద్దలు పెట్టేది. తిని అవి ఏం చేస్తాయో ఎప్పుడూ అడగలేదు. దారాలూ చెప్పలేదు. వాటికి పని ఎక్కువ.

ఒక ఏడు వాన రాలేదు. ఇప్పచెట్టు ఒక ముద్ద తగ్గించింది. మరుసటి ఏడూ రాలేదు. ఇంకో ముద్ద తగ్గించింది. మూడో ఏడు కూడా వాన మొహం చాటేసేసరికి, తునికిచెట్టును అడిగింది.

"చెల్లీ, నా వేళ్ళకు పట్టిన ఈ తెల్లటిదాన్ని ఏమంటారు?"

"బూజంటారక్కా."

"బూజును ఏం చేస్తారు?"

"దులుపుతారు. కానీ అక్కా, ఆ బూజు వేరు, ఈ బూజు వేరు."

ఇప్పచెట్టు మొదటి మాట దగ్గరే వినడం ఆపేసింది. మనింట్లోనూ కొందరు అంతే. పేర్లు చెప్పను.

అది అడవిపందిని పిలిచింది. "మామా, మా ఇంట్లో బూజు పట్టింది. దులిపి పెడతావా?"

"దులపడం నాకు రాదమ్మా. తవ్వడం వచ్చు."

"ఏదైతేనేం."

అప్పుడు దారాలు మొదటిసారి నోరు విప్పాయి. "అమ్మా, కావాలంటే కొన్నాళ్ళు పస్తుంటాం. మమ్మల్ని తెంపించకు. రాతి పగుళ్ళలో తడి ఉంది. అక్కడికి నీ వేళ్ళు దూరలేవు. మేమే దూరి నీకు తెస్తున్నాం."

"ఇదేం విడ్డూరం, బూజు కూడా మాట్లాడుతోంది," అంది ఇప్పచెట్టు. "మామా, కానియ్యి."

పొద్దెక్కేలోపే పని అయిపోయింది. పందికి నాలుగు దుంపలు కూడా దొరికాయి. తినేసి, మూతి తుడుచుకుని వెళ్ళిపోయింది.

మొదటి రోజు ఇప్పచెట్టుకు హాయిగా ఉంది. వండిందంతా తనదే. రెండో రోజు దాహం వేసింది. మూడో రోజు ఆకులు వేలాడాయి. వేరు చాపి వెతికితే, నిజంగానే రాతిలో పగులు, పగులులో తడి. వేరు లావు, పగులు సన్నం. నీటి వాసన వస్తోంది గానీ నీరు అందడం లేదు. ఇలాగే ఉంటే చచ్చిపోతానని దానికి అర్థమైంది.

పందిని మళ్ళీ పిలిచింది. "మామా, ఈ పగులు కాస్త పెద్దది చెయ్యవా?"

"నేను మట్టి తవ్వుతానమ్మా. రాయి తవ్వను," అంది పంది. దాని మాటలో తప్పు లేదు.

ఇప్పచెట్టు తునికి వైపు తిరిగింది. "చెల్లీ, నీకు నీళ్ళెక్కడివి?"

"నా బూజు తెస్తోందక్కా."

"కరువులో దానికేం పెడుతున్నావు?"

"ఇప్పుడు నాకు వండుకోగలిగేదే ఒకటిన్నర ముద్ద. ముందు దానికి ఒకటి పెడతాను. మిగిలిన సగం నేను తింటాను. ఈ ఏడు కాయ కాయలేదు. బతికైతే ఉన్నాను."

ఇప్పచెట్టుకు ఏడుపొచ్చింది. ఏడవడానికి నీళ్ళు లేవు. ఇక్కడికొచ్చేసరికి నాకు దాని మీద కోపం పోతుంది, జాలే మిగులుతుంది.

వానాకాలంలోనే దాని ఆకులన్నీ రాలిపోయాయి. ఒక్క కొమ్మకు మాత్రం కాసిని మిగిలాయి. అప్పుడు వేళ్ళ మధ్య, పంది ముట్టె పట్టని ఒక రాయి కిందికి వంగి పిలిచింది.

"ఎవరైనా ఉన్నారా?"

"ఒక్క పోగునే మిగిలానమ్మా."

ఆ ఒక్క కొమ్మ వండిందంతా ఇప్పచెట్టు దాని ముందు పెట్టింది.

"మరి నీకో?" అంది పోగు.

"ముందు నువ్వు తిను."

పోగు తిని, పగులులోకి దూరి, ఒక చుక్క తెచ్చింది. మర్నాడు ఇంకో చుక్క. చుక్కలతో చెట్టంతా బతకదు. ఒక కొమ్మ బతుకుతుంది. మిగతా కొమ్మలన్నీ ఎండిపోయాయి. అవి మళ్ళీ చిగురించలేదు.

నాలుగో ఏడు వానలు పడ్డాయి. తర్వాతి వేసవిలో ఎలుగుబంటి ఇప్పపువ్వు కోసం వచ్చింది. గుప్పెడు పువ్వులున్నాయి.

"ఇంతేనా?" అంది.

"ఇంతే అన్నా. ఇంట్లో బూజుంది. ముందు దానికి పెట్టాలి."

ఎలుగుబంటి ఆ గుప్పెడూ తిని వెళ్ళింది. దాని వెనకే పంది వచ్చింది. వేళ్ళ దగ్గర వాసన చూసింది.

"అమ్మా, బూజు మళ్ళీ పట్టినట్టుందే. దులపమంటావా?"

"ఇంకో అడుగు వేశావంటే నీ నెత్తిన కొమ్మ పడేస్తాను," అంది ఇప్పచెట్టు. "ఎండుకొమ్మలు నా దగ్గర చాలా ఉన్నాయి."

నీతి: బూజు దులిపే ముందు, ఇంటికి నీళ్ళు ఎవరు మోస్తున్నారో కనుక్కోవాలి.