నీరు సుడి తిరగడం నేర్చుకున్న రోజు

ఒకప్పుడు నీటికి ముందుకు పోవడమే తెలుసు, తిరగడం తెలీదు.

అవును, నిజం! ఆ రోజుల్లో గోదావరిలో ఒక్క సుడి కూడా లేదు. నీరు కొండల మీంచి దిగి, ఎటూ చూడకుండా తిన్నగా సముద్రానికి పోయేది. దారిలో రాయి అడ్డొస్తే రెండుగా చీలేది. చీలిన నీరు మళ్ళీ కలిసేది కాదు. రాయి వెనక పొడుగ్గా, పాపిడి తీసినట్టు, ఒక ఇసుక దారి మిగిలిపోయేది. నది నడిమధ్యలో పొడి ఇసుక! ఊహించుకోండి.

ఎందుకు కలిసేది కాదంటారా? దాని వెనకో పెద్ద పోట్లాట ఉంది.

నది మధ్యలో ఏనుగంత నల్లరాయి ఒకటి ఉండేది. దాని ఎడమ పక్కన పారే నీరు అక్క. కుడి పక్కన పారే నీరు చెల్లెలు. ఒకసారి రాయి దాటగానే, వెనకున్న ఖాళీలోకి ఇద్దరూ ఒకేసారి దూరారు. నుదురూ నుదురూ ఠపీమని కొట్టుకున్నాయి.

"నన్ను గుద్దావు!" అంది అక్క.

"నువ్వే నన్ను గుద్దావు!" అంది చెల్లెలు.

అంతే, ఇద్దరికీ మాటల్లేవు. వీళ్ళని చూసి మిగతా రాళ్ళ దగ్గర నీళ్ళు కూడా అలాగే విడిపోయాయి. చెడ్డ అలవాట్లు ఎంత తొందరగా అంటుకుంటాయో మీకు తెలుసుగా!

ఒక ఏడాది ఎర్రనీరు వచ్చింది. వరదలో కొండమట్టి కలిసి నీరు ఎర్రబడగానే సముద్రంలోని పులస చేపలు గోదావరికి ఎదురు ఈదుతాయి. పైన మంచినీటిలో గుడ్లు పెట్టాలి మరి. ఆ ఏడు వరద మరీ పెద్దది. బయల్దేరిన వాటిలో ఒక్క తల్లి పులసే నల్లరాయి దాకా రాగలిగింది. మిగతావన్నీ అలసిపోయి వెనక్కి కొట్టుకుపోయాయి.

దాని కడుపు నిండా గుడ్లు. ఒంట్లో సత్తువ లేదు.

"అక్కా, కాస్త నెమ్మదిగా పారవా? ఒక్క క్షణం ఊపిరి తీసుకుంటాను," అని అడిగింది.

"నా చేతుల్లో ఏముంది తల్లీ? వెనక కొండల నీరంతా తోసేస్తోంది," అంది అక్క, పరిగెత్తుతూనే. చెల్లెలూ అదే మాట అంది.

పులస నల్లరాయి వైపు తిరిగింది. "తాతా, నీ వెనక కాసేపు ఉండనిస్తావా?"

"చోటుకేం, బోలెడుంది. నీళ్ళే లేవమ్మా," అన్నాడు రాయి తాత. పాపం, ఆయనకి ముందు వైపు ఎప్పుడూ స్నానమే. వీపు మాత్రం ఎండకి మాడిపోయేది.

ఆ మాట పూర్తి కాకుండానే ప్రవాహం పులసని ఎత్తి ఆ పొడి ఇసుక మీద పడేసింది. అది గిలగిలా కొట్టుకుంది. అది పోతే గుడ్లూ పోయినట్టే. ఆ గుడ్లు పోతే ఆ ఏడు గోదావరిలో ఒక్క పులస పిల్ల కూడా పుట్టదు.

ఒడ్డున గేదెలు కాసే సింగారమ్మ గుడిసె ముందు కూర్చుని చల్ల చిలుకుతోంది. ఆమె కూతురు బంగారి చేపని ముందు చూసింది.

"అమ్మా, పులస! పుస్తెలమ్మైనా పులస తినాలంటారు, మనకి ఊరికే దొరికింది. పడవేసుకెళ్ళి పట్టుకొచ్చెయ్యనా?"

"నోరుముయ్యవే! కడుపుతో ఉన్నదాన్ని కూరొండుకుంటామా?" అంటూ సింగారమ్మ లేచింది. నీటి దాకా వచ్చి నడుం మీద చేతులేసుకుంది. "ఏమర్రా, కళ్ళ ముందు ఓ తల్లి చచ్చిపోతుంటే చూస్తూ పోతారా? రాయి వెనక్కెళ్ళండి!"

అక్కచెల్లెళ్ళకి సిగ్గేసింది. ఇద్దరూ ఒకేసారి దూకారు. ఠపీ! నీరు తాటిచెట్టంత ఎత్తు లేచింది. ఇద్దరూ చెరో పక్కకి పడ్డారు. ఇసుక మీద నాలుగు చుక్కలు రాలాయి, అంతే.

"చూశావా పిన్నీ? మాకు కుదరదు," అంది చెల్లెలు ఏడుపు గొంతుతో.

సింగారమ్మకి నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. గబగబా కవ్వం దగ్గరికెళ్ళి, తాడు రెండు కొసల్నీ ఒక్కసారే లాగింది. కవ్వం బిగుసుకుపోయింది.

"మీరు చేస్తున్నదిదే! ఇలా చిలికితే వెన్న రాదు సరికదా, తాడు తెగుద్ది. ఇప్పుడు చూడండి." కుడి చెయ్యి లాగింది, ఎడమ చెయ్యి వదిలింది. కవ్వం గిర్రున అటు తిరిగింది. ఎడమ చెయ్యి లాగింది, కుడి చెయ్యి వదిలింది. గిర్రున ఇటు తిరిగింది. "ఆ రాయే కవ్వం అనుకోండి. ఒకళ్ళు లాగితే ఒకళ్ళు వదలాలి."

"వదిలితే నేను ఓడిపోయినట్టు కాదా?" అంది చెల్లెలు.

"ఓసి పిచ్చిదానా, వదలడం కూడా పనేనే! ఈ చెయ్యి వదలకపోతే ఆ చెయ్యి ఏం లాగుద్ది? కానివ్వండి, అక్కడ దాని ప్రాణం పోతోంది!"

చెల్లెలు ఆగింది. నీరు ఇంకొకరి కోసం ఆగడం అదే మొదటిసారి.

అక్క రాయి అంచు దాటి లోపలికి వంగింది. వంగి వంగి గుండ్రంగా తిరిగింది. అదే మొట్టమొదటి సుడి! అది తిరుగుతూ తిరుగుతూ కిందికి సాగిపోయింది. అది వదిలిన చోటులోకి చెల్లెలు వచ్చి, ఎదురు దిక్కుగా తిరిగింది. రెండో సుడి. మళ్ళీ అక్క. మళ్ళీ చెల్లెలు.

సింగారమ్మ చేతిలో తాడు జారిపోయింది. బంగారి తెరిచిన నోరు మూయలేదు. ఒకటి ఎడమన, ఒకటి కుడిన, చేత్తో పేర్చినట్టు సుడులు కనుచూపు మేర సాగిపోతున్నాయి. ఒకటి అటు తిరిగేది, ఒకటి ఇటు తిరిగేది. కొంగలు ఎగరడం మర్చిపోయాయి. కొండలు ఊపిరి బిగబట్టాయి. ఎప్పుడూ తిన్నగా ఉరికే గోదావరిలో ఇంత అందం దాగుందని ఎవరికి తెలుసు? రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది సింగారమ్మ.

మరి పులస? మొదటి సుడి దాన్ని ఇసుక మీంచి ఎత్తుకుంది. రెండో సుడి అందుకుంది. పులస మొప్పలు మెల్లగా కదిలాయి. అటు సుడి వస్తే అటు ఒరిగింది, ఇటు సుడి వస్తే ఇటు ఒరిగింది. కష్టపడకుండానే ఉన్నచోట ఉండగలిగింది! మధ్యాహ్నం దాకా అలా ఊగుతూ సేదతీరి, పైకి బయల్దేరింది. అప్పటికి పై రాళ్ళ దగ్గర నీళ్ళు కూడా ఈ పని నేర్చేసుకున్నాయి. మంచి అలవాట్లు కూడా అంటుకుంటాయి మరి! ఒక్కో రాయి వెనక ఆగుతూ, ఆగుతూ, మూడో రోజుకి పులస గుడ్లు పెట్టింది.

ఇదంతా కొండ మీంచి గాలి చూసింది. ఊరుకుంటుందా? గుడిసె ముందు బట్టలారేసే తాడు వెనక తనూ అటొక సుడి, ఇటొక సుడి తిరిగింది. తాడు జుమ్మని పాడింది.

అప్పటినుంచే పారే నీటికి రాయి అడ్డొచ్చినా, వంతెన స్తంభం అడ్డొచ్చినా, దాని వెనక సుడులు పుడుతున్నాయి. ఒకటి ఎడమ నుంచి, ఒకటి కుడి నుంచి, వంతులేసుకుని. అప్పటినుంచే గాలికి అడ్డొచ్చిన తీగ పాడుతోంది. మీరు ఎప్పుడైనా వంతెన మీంచి కిందికి చూస్తే, స్తంభం వెనక ఓ చేప తోక అటూ ఇటూ ఊపుతూ అక్కడే నిలిచి కనిపించొచ్చు. దాని మీద రాయి వెయ్యకండి. ఎంత దూరం నుంచి వచ్చిందో, కడుపులో ఎంతమంది ఉన్నారో!