రూటు గారికి మూడు ఉత్తరాలు

"ఒరే పుండరీకం! వీధి వీధంతటికీ మెయిలిచ్చి నన్నొక్కదాన్నే వదిలేశావుట్రా!"

నాంచారమ్మ పిన్ని కేక నేతగాళ్ళ వీధి ఆ చివరికి వినిపించింది. చేనేత సంఘం ఆఫీసులో పుండరీకం ముసిముసిగా నవ్వుకుంటున్నాడు. ఎందుకు నవ్వడూ? తనూ, తమ్ముడు గవరయ్యా, బావమరిది ఏకాంబరం కలిస్తే జిల్లాలో అంత తెలివి ఇంకెక్కడా లేదని ఆ ముగ్గురి గట్టి నమ్మకం.

పొద్దున పట్నం ఇంజనీరు ఫోన్లో చెప్పాడు: "నేతగాళ్ళ పేర్లన్నీ సర్వరు మిషన్లో ఎక్కించండి. వాళ్ళకి మెయిలు రావాలి, పోవాలి. అంతేగాని మిషన్లోకి లాగిన్ కాకూడదు. పేరు చివర 'నోలాగిన్' అని రాసెయ్యండి. ఒక్కరినీ వదలొద్దు."

అంతే! నలభై పేర్లకీ రాసేశారు. జాబితాలో అన్నిటికంటే పైన ఇంకో పేరుంది, రూటు అని. మిషన్‌కి పెద్దదిక్కు అన్నమాట, మనిషి కాదు. ఏ మార్పు చెయ్యాలన్నా ఆ పేరుతోనే లోపలికెళ్ళాలి.

"అన్నయ్యా, పెద్దాయన్ని వదిలేద్దామా?" అన్నాడు గవరయ్య.

"ఒక్కరినీ వదలొద్దన్నారు. పెద్దాయనైతే మాత్రం?" అని పుండరీకం ఆయనకీ రాసేసి బయటికొచ్చాడు. మళ్ళీ వెళ్ళబోతే మిషన్ పొమ్మంది. ముగ్గురూ చప్పట్లు కొట్టారు. "ఎంత గట్టిగా కట్టాంరా! మనమే దూరలేకపోతున్నాం!"

ఇంకేముంది, పిన్ని కేకేస్తూ వచ్చాకే ఆవిడ పేరు మర్చిపోయారని తెలిసింది.

"రెండొందల చీరల బేరంరా! భోజనాల వేళలోగా సంఘం మెయిల్లో నా పేరు మీద 'సరే' అనకపోతే పక్క ఊరికి పోతుంది!"

"కంగారెందుకు పిన్నీ? లోపలికెళ్ళలేం గాని ఉత్తరం రాయొచ్చుగా" అని పుండరీకం తన మెయిల్లోంచి రాశాడు. 'రూటు గారికి నమస్కారం. తలుపు తీసి నాంచారమ్మ గారి పేరు చేర్చగలరు.' ఉత్తరం చక్కగా అందింది. చదివేవాళ్ళే లేరు.

అరగంట చూశారు. "అలిగారేమో బావా" అన్నాడు ఏకాంబరం. "పేరు పక్కన అలా రాస్తే ఎవరికైనా పౌరుషం రాదూ?" అంతే, క్షమించమని రెండో ఉత్తరం. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇక మూడోది: 'గుత్తివంకాయ చేయిస్తున్నాం. భోజనానికి దయచేయండి.'

"మన వంశంలో తెలివంతా నీ ఒక్కడికే పోసేశాడురా దేవుడు" అని పిన్ని ఇంజనీరుకి తనే ఫోన్ చేసింది. ఆయన బస్సెక్కి పరుగున వచ్చాడు. "రూటుని తప్ప అని చెప్పకపోవడం నా బుద్ధితక్కువ" అని లెంపలేసుకుని, ఏదో డిస్కు పెట్టి మిషన్ తెరిచాడు. రూటు పక్కన రాసింది తీసేశాడు, పిన్ని పేరు చేర్చాడు. విస్తళ్ళు వేస్తుండగా పిన్ని 'సరే' పంపింది. బేరం ఖాయమని నిమిషంలో జవాబొచ్చింది.

"చూశారా! వంకాయ మాటెత్తేసరికి మెత్తబడ్డారు" అన్నాడు పుండరీకం.

ఇంజనీరు చేతులు కడుక్కుని వచ్చేసరికి పంక్తిలో అందరూ కూర్చున్నారు. మొదటి విస్తరి ముందు, పీట మీద, తీగలన్నీ పీకేసిన సర్వరు!

"నలభై ఒక్కమంది మెయిళ్ళూ ఆగిపోయాయి కదయ్యా!" అని ఆయన లబలబలాడాడు.

"ష్! పెద్దాయన ఇప్పుడే కూర్చున్నారు." పుండరీకం వినయంగా వంగాడు. "వంకాయ ఇంకోటి వెయ్యమంటారా, రూటు గారూ?"

పలకలేదు. పాపం మొహమాటమనుకుని రెండు వేశాడు. ఇంజనీరు ఇంకేం చేస్తాడు? రూటు గారి పక్క విస్తరి ముందే చతికిలబడి అన్నం కలుపుకున్నాడు.