ఆరిపోయిన చుట్ట

ఆ మధ్యాహ్నం చెంచయ్య దర్గా మెట్లు ఎక్కుతూనే పళ్ళు నూరుతున్నాడు. వెనకాల పద్నాలుగేళ్ళ కొడుకు మాలకొండయ్య. వాడి చంకలో గుడ్డల మూట. పిక్కల మీద నిన్నటి దెబ్బల వాతలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"ఇక్కడే ఏడువు. లారీ వచ్చిందాకా కదిలావంటే కాళ్ళిరగ్గొడతా" అని వాణ్ణి గుమ్మం దగ్గర కూర్చోబెట్టి లోపలికి పోయాడు.

లోపల దర్గా చూసుకునే కాలేషా తాత అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాడు. కులం మతం లేకుండా ఊరందరికీ ఆయన తాతే. చెంచయ్యకైతే గురువు కూడా. పెళ్ళి కాకముందు నుంచీ శుక్రవారం శుక్రవారం వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూర్చునే మనిషి. తాత మాటంటే వేదవాక్కు అనేవాడు. పాటించే సంగతంటారా, అది వేరే.

"ఏం చెంచయ్యా, ఇవాళ శుక్రవారం కాదే!"

"నా కొంప మునిగింది తాతా. మావాడు చుట్ట కాలుస్తున్నాడు! పొగాకు ఆరబెట్టే బ్యారన్ వెనకాల నక్కి, నేను పారేసిన పీకలు ఏరుకుని లాగుతున్నాడు. నిప్పురవ్వ ఒక్కటి ఎగిరితే ఏడాది పంట బుగ్గయిపోదూ? చావబాదాను. అడిగితే గుడ్లప్పగించి చూస్తాడే గానీ నోరు విప్పడు వెధవ."

"ఇప్పుడేం చేద్దామని?"

"మీరో తాయెత్తు కట్టండి. దీంతో ఆ పాడుబుద్ధి పోతదని మీరంటే ఇంటికి తీసుకుపోతా. లేదంటే మా తోడల్లుడి లారీ వస్తోంది, క్లీనరుగా ఎక్కించేస్తా. ఇక నా గడప తొక్కనక్కర్లేదు. వాళ్ళమ్మ నిన్నటి నుంచి పచ్చిమంచినీళ్ళు ముట్టలా. ముట్టకపోతే పోనీ."

పోనీ అన్నాడే గానీ చూపు గుమ్మం వైపే పోయింది. ఒక్కగానొక్క కొడుకు మరి.

తాత ఇంకో చింతపండు తొన విప్పాడు. "ఎవరు నేర్పారు వాడికి?"

"అదే అంతుబట్టట్లా. నేను మాత్రం ఒట్టు తాతా, కాల్చమని ఒక్కనాడు వాడి చేతికి చుట్ట ఇచ్చిన పాపాన పోలా. నా అంతటివాణ్ణి నేను, మా నాయన ముందు పొగ వదిలి ఎరగను. అంత పద్ధతిగల ఇల్లు మాది!"

"రొంటిన చుట్ట ఉందా?"

చెంచయ్య తెల్లబోయాడు. తాత పొగ తాగడు. దర్గాలో ఇంకొకణ్ణి తాగనివ్వడు. సంకోచిస్తూనే పంచె మడతలోంచి చుట్ట తీశాడు.

"వెనకాల వంటింట్లో పొయ్యి మండుతోంది. పోయి ముట్టించుకురా. నోట్లో మాత్రం పెట్టబోకు. ఇక్కడ పొగ పీల్చకూడదని తెలుసుగా."

గురువు మాటాయె. చెంచయ్య వెళ్ళాడు. నిప్పుల్లో చుట్ట కొస ఆనించాడు. ఎర్రగా రాజుకుంది. పెరడు దాటి అరుగు దగ్గరికి వచ్చేసరికి నల్లబడింది.

"ఆరిపోయింది తాతా."

"మళ్ళీ పో."

ఈసారి వేళ్ళు చురుక్కుమనేదాకా నిప్పుల్లోనే ఉంచాడు. చెయ్యి అడ్డం పెట్టుకుని గబగబా వచ్చాడు. సగం పెరట్లోనే పొగ ఆగిపోయింది.

చెంచయ్యకు ఒళ్ళు మండింది. "ఇదేం పరీక్ష తాతా! చుట్టన్నాక రెండు దమ్ములు లాగితే గదా అంటుకునేది? నోట్లో పెట్టకుండా ముట్టించుకురావడం ఎవడి తరం?"

తాత చింతపండు పక్కన పెట్టాడు. గుమ్మం వైపు తిరిగి, "అబ్బయా, ఇట్రా!" అని కేకేశాడు.

మాలకొండయ్య మూట పట్టుకుని బెదురుబెదురుగా వచ్చాడు. నాయన మొహంలోకి చూసే ధైర్యం లేదు. చేతి వైపు చూశాడు. ఆరిన చుట్ట కనపడింది. అంతే, మూట కింద పెట్టేసి చెయ్యి చాచాడు.

"ఇటియ్యి నాయనా, ముట్టించుకొస్తా."

ఇంట్లో రోజూ అనే మాటే. రాత్రి బువ్వ తిని మంచమెక్కి చెంచయ్య "ఒరే, చుట్ట" అంటే చాలు, వాడు పొయ్యి దగ్గరికి పరిగెత్తేవాడు. నిక్కర్లు తొడిగిన నాటి నుంచీ అదే పని. పొయ్యిలో నిప్పుండగా అగ్గిపుల్ల దండగ అనేవాడు చెంచయ్య. వాడు ఏనాడూ ఆరిన చుట్ట తేలేదు. "మావాడు ముట్టిస్తే చుట్ట పొగలు కక్కుతూ వస్తది" అని నలుగురిలో చెప్పుకుని మురిసిపోయేవాడు కూడా.

చెంచయ్య ఆ చాచిన చెయ్యి వైపు చూశాడు. ఆరిన చుట్టను గుప్పిట్లో నలిపేసి అరుగు మీద కూలబడ్డాడు.

రోడ్డు మీద లారీ హారన్ కొట్టింది. మాలకొండయ్య మూట అందుకోబోయాడు. చెంచయ్య ఆ మూటను తన ఒళ్ళోకి లాక్కున్నాడు. లారీ ఇంకోసారి హారన్ కొట్టి, కాసేపు చూసి వెళ్ళిపోయింది.

తాత లేచి లోపలికి పోయి, ఫాతెహా ప్రార్థన చదివి, నల్లదారానికి గుచ్చిన తాయెత్తు తెచ్చాడు. తండ్రీకొడుకుల మధ్య నిలబడ్డాడు.

"ఏదీ, చెయ్యి."

మాలకొండయ్య చెయ్యి ముందుకొచ్చింది. చెంచయ్య దాన్ని మెల్లగా పక్కకు జరిపి, తన చెయ్యి పెట్టాడు.

"బిగించే కడుతున్నా చెంచయ్యా" అన్నాడు తాత ముడి వేస్తూ. "ఓర్చుకో."