కాశమ్మ మంట

సముద్రం మన రేవుకి ఇప్పటికన్నా దూరంగా ఉండే రోజులట. తాతల తాతలు చెప్పుకున్న మాట, వినండి.

ఆ రేవులో కాశమ్మ అని చేపలమ్ముకునే మనిషి ఉండేది. పొద్దు వాలగానే ఆమె, మరికొందరు ఆడవాళ్ళు కలిసి ఇసుకదిబ్బ మీద మంట వేసేవారు. వేటకెళ్ళిన పడవలకి ఆ మంటే దారి. రేవులో చెట్టన్నది లేదు. కట్టెలన్నీ కొండ ఊళ్ళవాళ్ళు బళ్ళ మీద తెచ్చి ఊరికే ఇచ్చేవారు.

ఒక ఏడు ఆ సీమనేలే దొర, కొండ నుంచి బళ్ళొచ్చే దారికి అడ్డంగా దూలం పెట్టించాడు. "నన్నడక్కుండా ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వకూడదు" అన్నాడు. ఇచ్చినవాళ్ళని కొట్టించాడు. బళ్ళు ఆగిపోయాయి. మంట చిన్నదైంది. ఆ చిన్న మంట కనబడక, కాశమ్మ మొగుడు ఎల్లాజీ తిరిగి రాలేదు.

కాశమ్మ ఏడ్చింది. సముద్రం వంక చూసింది. లేచి దొర దగ్గరికి వెళ్ళింది.

"దూలం తీయించండి బాబూ."

"పో" అన్నాడు దొర.

సముద్రం వంక చూసింది. మళ్ళీ వెళ్ళింది.

"కట్టెలు నేనే ఇస్తాను. నేను వెయ్యమన్నప్పుడే మంట వెయ్యాలి" అన్నాడు దొర.

"సముద్రం మీ మాట ఇనదు కదా బాబూ. మీరేటీ ఇవ్వద్దు. ఇచ్చేవోల్ని ఆపకండి, సాలు."

సముద్రం వంక చూసింది. మూడోసారి వెళ్ళింది.

"నీ మొగుడు పోయాడు. ఇంకా నీకెందుకే మంట?"

"ఒక్క సాయంత్రం రేవుకొచ్చి నిలబడండి బాబూ. మీకే తెలుస్తాది."

దొర వచ్చాడు. గాలి రేగింది. ఒక పడవ ఇంకా రాలేదు. తమ మగవాళ్ళు ఒడ్డెక్కినా, ఆడవాళ్ళెవరూ ఇళ్ళకి పోలేదు. ఒకామె మంచం విరిచి మంటలో వేసింది. ఒకామె రోకలి వేసింది. కాశమ్మ తన ఇంటి తలుపే మోసుకొచ్చింది. మంట లేచింది. పడవ ఒడ్డుకి తగిలింది. కాశమ్మ పరుగెత్తి, దిగినవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసింది. ఎల్లాజీ లేడు. కొంగుతో వాళ్ళ తలలు తుడిచింది.

తెల్లారి దొర దూలం పెరికించాడు. అదీ మంటలోకే పోయింది. ఆనాటి నుంచి కట్టెలిచ్చేవాళ్ళని అడిగేవాడు లేడు, ఆపేవాడు లేడు.

కాశమ్మ ముసలిదైంది. ఏ పడవొచ్చినా ముందు మొహాలు చూసేది. అలా చూస్తూ చూస్తూనే ఒకనాడు దిబ్బ మీద ఒరిగిపోయింది.

ఇప్పటికీ కొండ దిగి రేవుకొచ్చేవాళ్ళు ఆ దిబ్బ మీద ఒక పుల్ల వేసి పోతారు. తమ పేరు చెప్పరు. ఎవరికని అడిగితే మాత్రం, "ఇంకా రానోల్లకి" అంటారు.