నక్క పైడయ్య గ్యాస్ మూట

గట్టుదేశం మేకలది. ఏటిదేశం గేదెలది. రేవుదేశం కొంగలది. మూడింటి హద్దులూ ఒక పెద్ద బండ దగ్గర కలుస్తాయి. ఆ బండ కింద గుహలో నక్క పైడయ్య కాపురం. వాడికి ఏ దేశమూ లేదు గానీ మూడు దేశాల్లోనూ వరసలు కలిపాడు. గట్టు మీది కట్టెలు ఎక్కడికి పోవాలన్నా వాడి చేతి మీదుగానే పోవాలి. పోతూ పోతూ కొంత వాడి గుహలోకి జారాలి. అది రివాజు.

ఒక ఏడు కట్టెల పొగకి కళ్లు మండి, మూడు దేశాల పెద్దలూ ఒక మాట అనుకున్నారు. గట్టు మీద మేకలు గాలిమరలు పెట్టి కరెంటు తీస్తాయి. ఏటి దగ్గర గేదెలు ఆ కరెంటుతో నీళ్లని విడగొట్టి హైడ్రోజన్ తీస్తాయి. మండినా పొగ రాని, మసి అంటని గ్యాస్ అది. దానితో రేవులో కొంగల పడవలు నడుస్తాయి, గట్టు మీద మేకల పొయ్యిలు వెలుగుతాయి. ముగ్గురి గొట్టాలూ బండ దగ్గర కలవాలి.

ఆ కబురు విన్న పూట పైడయ్యకి ముద్ద దిగలేదు. గొట్టాలు కలిసిపోతే ఇక తననెవడు పిలుస్తాడు?

ముందు ఏటికి, గేదెల పెద్ద దగ్గరికి పరిగెత్తాడు. "నీలాలు వదినా! గ్యాస్ పుట్టేది నీ దగ్గర. గొట్టం నీ మూతంత వెడల్పు లేకపోతే నలుగురిలో నీకు విలువేముంటుంది?"

"అవును సుమా!" అంది గేదె.

అక్కణ్ణుంచి రేవుకి, కొంగల పెద్ద దగ్గరికి. "బైరాగి మామా! గొట్టమంటే నీ ముక్కులా సన్నగా, నాజూగ్గా ఉండాలి. గేదె కొలతకి తలొంచుతావా?"

"ఛఛ, నా ప్రాణం పోయినా!" అన్నాడు కొంగ.

చివరికి గట్టెక్కాడు. "కొండమ్మక్కా! నీ కొమ్ములా మెలి తిరిగిన గొట్టమైతే దూరానికే గుర్తుపడతారు."

కొండమ్మ మేక కాసేపు నెమరేసి సరేనంది.

బండ దగ్గర మూడు గొట్టాలూ ఎదురుపడ్డాయి. ఒక్కటీ ఇంకోదాంట్లో దూరలేదు. పెద్దలు కొట్లాటకి దిగేలోపు పైడయ్య అప్పుడే నిద్ర లేచినట్టు బయటికొచ్చాడు. "అయ్యో, నేనుండగా మీకెందుకీ గోల? గుహలో అతుకేస్తాను పదండి."

గుడ్డ చుట్టి, మైనం మెత్తి అతుకేశాడు. కావాలనే సందు వదిలాడు. ఆ గ్యాస్ ఎంత తేలికంటే, సందు దొరికితే చాలు పైకి లేచిపోతుంది. గుహ కప్పులో ఒక చీలిక ఉంది. బండ పైకెక్కి, దాని మీద మైనం పట్టించిన తెరచాప గుడ్డ సంచి బోర్లించి, చుట్టూ రాళ్లు పెట్టాడు.

"గ్యాస్ రావట్లేదేం?" అని ఎవరడిగినా వాడిది ఒకటే జవాబు. "లోపం మీ హద్దులో లేదు. పక్కవాళ్లనడగండి."

అడగ్గా అడగ్గా ముగ్గురి మధ్యా మాటల్లేకుండా పోయాయి. బండ వైపు రావడమే మానేశారు. గట్టు మీద పొయ్యిలు వెలగక మేకపిల్లలు చలికి వణికాయి. పైడయ్య మాత్రం చిన్న చిన్న గ్యాస్ మూటలు కట్టి గట్టున వేరుశెనగకీ, ఏటి దగ్గర మీగడకీ, రేవులో చేపలకీ మార్చుకున్నాడు. బుగ్గలు నున్నబడ్డాయి.

ఒకరోజు మూట అందుకున్న కొండమ్మ చేతిలో తాడు పైకి గుంజింది. ఆమె తాడు వంక చూసింది, పైడయ్య వంక చూసింది.

"తమ్ముడూ, నీకు గాలిమరా లేదు, ఏరూ లేదు. ఇదెక్కడిది?"

"అంతా దేవుడి దయ అక్కా."

"ఆహా! మరి ఈ చిట్టి మూటలు మా పిల్లల చలికి ఏ మూలకి? గడ్డివామంత మూట ఒక్కటి తెచ్చిపెట్టు. వేరుశెనగలు గంపలతో ఇస్తా. దారిలో దొంగలున్నారు, తాడు నీ నడుముకే బిగించుకో."

ఈ మేకకి నామీద ఎంత అభిమానం అనుకున్నాడు పైడయ్య. అతుకు ఇంకా వదులు చేశాడు. మూట గడ్డివామంత అయ్యాక మూతి బిగించి, ఆ తాడుని నడుముకి ముడి మీద ముడి వేసుకుని, కాలితో రాళ్లు తన్నేశాడు.

అంతే, కాళ్ల కింద నేల లేదు.

బండ గులకరాయంత అయింది. కిందికి చూస్తే ముగ్గురు పెద్దలూ పక్కపక్కనే నిలబడి ఉన్నారు. పిలిపించింది కొండమ్మే.

"వదినా, నన్ను కిందికి దింపు!"

"నువ్వు నా హద్దులో లేవు పైడయ్యా. పక్కవాళ్లనడుగు."

"మామా, నీకు రెక్కలున్నాయి, వచ్చి మూటకి ఒక్క పోటు పొడువు!"

"అంత లావు మూట నా నాజూకు ముక్కుకి లొంగదురా!"

"అక్కా!"

"ముందు అతుకు సంగతి చెప్పు తమ్ముడూ."

గాలికి గిరగిరా తిరుగుతూ పైడయ్య అంతా కక్కేశాడు. వింటున్న ముగ్గురికీ మొదట నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. "ఒక్కసారి ఇలా నిలబడి మాట్లాడుకుని ఉంటే నా పిల్లలు వణికేవాళ్లు కాదు," అంది కొండమ్మ.

అప్పుడు బైరాగి ఎగిరి, మూటని సుతారంగా పొడిచాడు. పైడయ్య బుస్సుమంటూ వచ్చి గేదెల బురదగుంటలో పడ్డాడు.

గొట్టాలు మళ్లీ వేయాలి. మరి ఎవరి కొలతకి? మూతి కాదు, ముక్కు కాదు, కొమ్ము కాదు. ఏ దేశానికీ చెందనిది ఒక్కటే కనబడింది, పైడయ్య తోక. ఇప్పటికీ ఎక్కడ కొత్త గొట్టం వేసినా వాడు మూడు దేశాలూ తిరిగి, బుద్ధిగా తోక చాపి, కొలత ఇచ్చి రావాల్సిందే.

పొరుగువాళ్ల మధ్య సందు పెంచి బతికేవాడికి, ఏదో ఒకరోజు నిలబడడానికి నేల ఉండదు.